శాస్త్ర చలనచిత్రాలు - కృత్రిమ మేధ గీచే బొమ్మలు

క్రీ.శ. 1515వ సంవత్సరం మే నెలలో పోర్చుగల్ రాజధాని అయిన లిస్బన్ రేవులో ఒక ఖడ్గమృగం దిగింది. గుజరాత్ సుల్తాను రెండవ ముజఫర్ షా దానిని పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్‌కు కానుకగా ఇవ్వగా, అతడు తన రాజుకు ఓడలో పంపించాడు. రోమన్ సామ్రాజ్యకాలం తరువాత ఐరోపా నేలమీద ప్రాణంతో అడుగుపెట్టిన మొదటి ఖడ్గమృగం అదే. జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరవాసి ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ గొప్ప చిత్రకారుడు. అతడు ఆ జంతువును చూడలేదు. లిస్బన్ నుండి వచ్చిన ఒక వర్ణన, ఎవరో గీచిన ఒక చిన్న రేఖాచిత్రం మాత్రమే అతని ఆధారాలు. వాటిని బట్టి అతడు కొయ్యపలక ముద్రణ కోసం ఒక బొమ్మను తయారుచేశాడు.

ఆ బొమ్మలో జంతువు శరీరమంతా యోధుడి కవచం వంటి రేకులతో కప్పబడి ఉన్నది. కాళ్ళమీద పొలుసులున్నవి. మెడ వెనుక, వీపు మొదలయ్యే చోట, ఏ ఖడ్గమృగానికీ లేని ఒక చిన్న కొమ్ము ఉన్నది. అయినా బొమ్మ నిండుగా, చక్కని వివరాలతో ఉన్నందువల్ల చూచినవారు నమ్మారు. రెండు శతాబ్దాలకు పైగా ఐరోపాలోని ప్రకృతిశాస్త్ర గ్రంథాలు దానినే చూచి తిరిగి తిరిగి గీచుకొన్నవి. లేని కొమ్ము కూడా దానితోపాటు గ్రంథం నుండి గ్రంథానికి నడిచింది.

మాటలలోని వర్ణనను బట్టి బొమ్మ గీచే పనిని ఈనాడు కంప్యూటర్లు కూడా చేస్తున్నవి. "రక్తనాళంలో ప్రవహించే ఎర్రకణాలు" అని వ్రాసి యిస్తే, కొద్ది సెకండ్లలో కంటికి ఇంపైన చిత్రం తయారవుతుంది. కృత్రిమ మేధతో పనిచేసే ఇట్టి సాధనాలను చిత్రోత్పాదకాలు అనవచ్చు. శాస్త్ర విషయాలను చలనచిత్రాలుగా తీసేవారు, పాఠాలకు బొమ్మలు కావలసిన ఉపాధ్యాయులు వీటిని వాడుకొనసాగారు. వీటిని ఏ పనికి వాడవచ్చు? ఏ పనికి వాడరాదు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే శాస్త్ర చలనచిత్రం ఎట్లు తయారవుతుందో, చిత్రోత్పాదకం ఎట్లు పనిచేస్తుందో రెండూ తెలియాలి.

కంటికి కనిపించని దానిని గీయడం

ఏనుగు బొమ్మ తప్పుగా గీస్తే చిన్నపిల్లవాడు కూడా నవ్వుతాడు. అతనికి ఏనుగు తెలుసు. కాని జీవకణం లోపలి అణువులను ఎవరూ కంటితో చూడలేరు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుండి 700 నానోమీటర్లు. (ఒక మిల్లీమీటరులో పది లక్షవ వంతు ఒక నానోమీటరు.) మన రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ అణువు అడ్డుకొలత సుమారు ఆరు నానోమీటర్లు మాత్రమే. ఇంత చిన్న వస్తువు రూపం మామూలు కాంతికి దొరకదు. కనుక శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణాలను స్ఫటికాల గుండా పంపి, అవి చెదరిన తీరును కొలిచి, లెక్కలు కట్టి అణువులోని ఒక్కొక్క పరమాణువు ఎక్కడున్నదో నిర్ణయిస్తారు. ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శిని వంటి ఇతర పద్ధతులు కూడా ఉన్నవి.

ఇది సులువైన పని కాదు. హీమోగ్లోబిన్ నిర్మాణాన్ని కనుగొనే ప్రయత్నాన్ని మాక్స్ పెరుట్జ్ కేంబ్రిడ్జిలో 1937లో ప్రారంభించాడు. దాని మొదటి స్థూలరూపం ఆయనకు 1959లో గాని కనిపించలేదు. ఆ కృషికి 1962లో జాన్ కెండ్రూతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

ఇట్లు కనుగొన్న నిర్మాణాలను భద్రపరచడానికి 1971లో ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే భాండాగారం ఏర్పడింది. మొదట దానిలో ఏడు నిర్మాణాలు మాత్రమే ఉండేవి. 2023 నాటికి వాటి సంఖ్య రెండు లక్షలు దాటింది. ప్రతి నిర్మాణం నిజానికి ఒక పెద్ద పట్టిక. ఒక్కొక్క పరమాణువుకు నిడివి, వెడల్పు, ఎత్తులను తెలిపే మూడు సంఖ్యలు అందులో ఉంటవి. శాస్త్ర చలనచిత్రకారుని ముడిసరుకు ఈ సంఖ్యలే. మెల్బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలిజా హాల్ సంస్థలో డ్రూ బెర్రీ, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో జానెట్ ఇవాసా వంటివారు ఇట్టి ఆధారాలతోనే కణాలలోని వ్యాపారాలను తెరమీద చూపించారు. స్క్రిప్స్ పరిశోధన సంస్థకు చెందిన డేవిడ్ గుడ్సెల్ నీటిరంగులతో కణాంతర్భాగాలను చిత్రిస్తాడు. కుంచెతో వేసినప్పటికీ ఆయన బొమ్మలో ఏ అణువు ఎంత పెద్దది, ఎన్ని ఉండాలి అనేవి ప్రయోగ ఫలితాలను బట్టి నిర్ణయించబడినవే.

ఊహ ఎక్కడ మొదలవుతుంది?

శాస్త్ర చలనచిత్రంలో ఊహకు చోటు లేదని దీని అర్థం కాదు. హీమోగ్లోబిన్‌నే ఉదాహరణగా తీసికొందాము. ఈ అణువులో నాలుగు గొలుసులున్నవి: రెండు ఆల్ఫా, రెండు బీటా. నాలుగింటిలోను అమినో ఆమ్లాలు కలిసి 574. ఒక్కొక్క గొలుసులో ఒక్కొక్క హీమ్, ప్రతి హీమ్ నడుమ ఒక ఇనుప పరమాణువు. ఆక్సిజన్ వచ్చి చేరేది ఆ ఇనుము దగ్గరనే. ఆక్సిజన్ లేనప్పుడు అణువు ఒక రూపంలోను, ఆక్సిజన్ చేరిన తరువాత మరొక రూపంలోను ఉంటుంది. ఒక ఆల్ఫా-బీటా జంటతో పోల్చితే రెండవ జంట సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఈ రెండు రూపాలకూ కొలతలున్నవి.

కాని మొదటి రూపం నుండి రెండవ రూపానికి అణువు ఏ దారిన పోయిందో ఆ రెండు పట్టికలూ చెప్పవు. చలనచిత్రకారుడు నడిమి అడుగులను కల్పించుకొనవలసి ఉంటుంది. రంగులు కూడా కల్పితమే. ఒంటరి పరమాణువుకు రంగు అన్నమాట వర్తించదు. ఆక్సిజన్‌ను ఎర్రగా, నైట్రోజన్‌ను నీలంగా చూపడం రసాయనశాస్త్రంలో స్థిరపడిన ఒక సంప్రదాయం. 2020 జనవరిలో అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రానికి చెందిన అలిసా ఎకెర్ట్, డాన్ హిగిన్స్ తయారుచేసిన కరోనా వైరస్ బొమ్మను ప్రపంచమంతా చూచింది. బూడిదరంగు గోళం మీద ఎర్రని ముళ్ళు చిత్రకారులు ఎన్నుకొన్న రంగులు. ముళ్ళలోని ప్రోటీనుల ఆకారం మాత్రం ఎన్నుకొన్నది కాదు.

ఇక్కడనే ముఖ్యమైన విషయం ఉన్నది. మంచి శాస్త్ర చిత్రకారుడు తన బొమ్మలో కొలిచినది ఏది, సంప్రదాయం ఏది, ఊహ ఏది అని అడిగితే విడివిడిగా చెప్పగలడు. ప్రతి భాగానికీ ఒక సాక్ష్యం చూపగలడు, లేదా సాక్ష్యం లేదని ఒప్పుకొనగలడు. శాస్త్ర చిత్రాన్ని అలంకార చిత్రం నుండి వేరుచేసే గుణం ఇదే.

చిత్రోత్పాదకం పనిచేసే తీరు

చిత్రోత్పాదకం దగ్గర పరమాణువుల పట్టిక లేదు. మరి అది దేనిని చూచి గీస్తుంది?

ఈ యంత్రాలలో ఎక్కువ భాగం విసరణ పద్ధతిమీద పనిచేస్తవి. నీటిలో పడిన సిరాచుక్క చెదరిపోయి చివరకు ఆనవాలు లేకుండా కలిసిపోవడాన్ని విసరణ అంటాము. ఈ భావాన్ని బొమ్మలకు అన్వయించవచ్చునని 2015లో కొందరు పరిశోధకులు చూపించారు. 2020లో ఆ పద్ధతి బాగా మెరుగుపడింది. ఒక పిల్లి ఫొటోను తీసికొని దానిమీద కొద్దిగా నలుసులు చల్లారనుకొందాము. స్టేషను అందని పాత టెలివిజన్ తెరమీద కనిపించే చుక్కలవంటివి ఆ నలుసులు. మరికొంచెం చల్లితే పిల్లి మసకబారుతుంది. ఇంకా చల్లితే చుక్కలు తప్ప ఏమీ మిగలవు. శిక్షణలో యంత్రానికి ఇట్లు చెడగొట్టిన బొమ్మను చూపి, "దీనిలో చల్లిన నలుసు ఎంత?" అని అడుగుతారు. తప్పు చెప్పినప్పుడల్లా దానిలోని సంఖ్యలను కొద్దిగా సవరిస్తారు. ఈ అభ్యాసం కోట్లకొలది బొమ్మలతో జరుగుతుంది. 2022లో ఇందుకోసం వెలువడిన లయాన్-5బి అనే సంగ్రహంలో, బొమ్మ, దాని కింది వ్రాత కలిసిన జంటలు 585 కోట్లున్నవి.

శిక్షణ ముగిసిన తరువాత పనిని తలక్రిందులు చేస్తారు. యంత్రానికి ఉత్త నలుసుల తెరను ఇచ్చి, అందులో బొమ్మ ఉన్నదనుకొని నలుసు తీసివేయమంటారు. అది కొంచెం తీస్తుంది. మిగిలిన దానిలో మళ్ళీ కొంచెం తీస్తుంది. కొన్ని పదుల అడుగులలో, లేని పిల్లి తేరుకొని కనిపిస్తుంది. మనము వ్రాసిన మాటలు కూడా సంఖ్యలుగా మారి, ఏ దిక్కుకు తేరాలో ప్రతి అడుగులోను సూచిస్తవి. 2022 ఆగస్టులో వెలువడిన స్టేబుల్ డిఫ్యూజన్ అనే ప్రోగ్రాం శ్రమ తగ్గించడానికి 512 పిక్సెళ్ళ చదరపు బొమ్మలోని 7,86,432 సంఖ్యలను 16,384 సంఖ్యలకు కుదించి, ఆ కుదించిన రూపంమీదనే ఈ పని చేసేది.

ఇది అద్భుతమైన గణితం. దీనిని తక్కువ చేయనక్కరలేదు. కాని యంత్రం నేర్చుకొన్నదేమిటో గమనించాలి. పిల్లుల బొమ్మలు సాధారణంగా ఎట్లుంటవో అది నేర్చుకొన్నది. హీమోగ్లోబిన్ అన్న మాట క్రింద సాధారణంగా ఎట్టి బొమ్మలుంటవో నేర్చుకొన్నది. ఆ మాటను ఇస్తే ఎర్రగా మెరిసే ముద్దలను చక్కగా గీస్తుంది. గొలుసులు నాలుగే ఉండాలని, 574 అమినో ఆమ్లాలుండాలని దానికి నిర్బంధం లేదు. అణువును పోలిన దానిని గీయడం ఒకటి. అణువు బొమ్మలను పోలిన దానిని గీయడం వేరొకటి.

నిర్బంధమంటే ఏమిటో మన దేశపు పరిశోధన ఒకటి చక్కగా తెలుపుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో ఒక పటాన్ని ప్రచురించారు. ప్రోటీను గొలుసు తన బంధాల దగ్గర ఏ కోణాలలో మెలితిరగగలదో, ఏ కోణాలలో పరమాణువులు ఒకదానికొకటి తగిలి అడ్డుపడతవో ఆ పటం చూపుతుంది. ఈనాటికీ ప్రోటీను నిర్మాణాలను ఈ రామచంద్రన్ పటంతో సరిచూస్తారు. చిత్రోత్పాదకం గీచిన బొమ్మను దీనితో సరిచూడడానికి వీలులేదు. దానిలో కోణాలు లేవు, పరమాణువులు లేవు, రంగుచుక్కలు మాత్రమే ఉన్నవి.

కుడిమెలిక, ఎడమమెలిక

ఈ లోపాన్ని విద్యార్థులు స్వయంగా పట్టుకొనగల చోటు ఒకటున్నది. అది డి.ఎన్.ఏ. అణువు. 1953లో వాట్సన్, క్రిక్‌లు దీని జంటమెలికను వివరించారు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్-కిరణ చిత్రాలు అందుకు ముఖ్యమైన ఆధారం. కణాలలో సామాన్యంగా ఉండే డి.ఎన్.ఏ. కుడిమెలిక గలది. కొయ్యకు బిగించే మామూలు స్క్రూమీది మర కూడా కుడిమెలికయే. ఒక స్క్రూను నిలువుగా పట్టుకొని చూస్తే, మనవైపున్న గీతలు ఎడమ క్రింది నుండి కుడి పైకి ఎక్కుతూ కనిపిస్తవి. స్క్రూను తలక్రిందులుగా పట్టినా అట్లే కనిపిస్తుంది. కాని అద్దంలో చూస్తే మెలిక ఎడమకు మారిపోతుంది.

ఇప్పుడు చిత్రోత్పాదకాన్ని డి.ఎన్.ఏ. బొమ్మ అడిగి చూడవచ్చు. ఒకసారి కుడిమెలిక, ఒకసారి ఎడమమెలిక, కొన్నిసార్లు ఒకే బొమ్మలో పైన ఒక మెలిక, క్రింద మరొక మెలిక వస్తుంటవి. దీనికి కారణాలు కనిపిస్తూనే ఉన్నవి. మనుష్యులు గీచిన బొమ్మలలోనే, ముఖ్యంగా ప్రకటనలలోను పుస్తకాల అట్టలమీదను, ఎడమమెలిక డి.ఎన్.ఏ.లు ఎన్నో ఉన్నవి. యంత్రం వాటినీ చూచి నేర్చుకొంటుంది. అంతేగాక, శిక్షణకు బొమ్మలు చాలనప్పుడు ఉన్న బొమ్మలనే అద్దంలోవలె కుడియెడమలు మార్చి చూపడం కంప్యూటరు శాస్త్రంలో పరిపాటి. పిల్లిని అట్లు మార్చినా పిల్లియే. డి.ఎన్.ఏ.ను మార్చితే అది వేరే పదార్థం.

ఎడమమెలిక గల డి.ఎన్.ఏ. అసలు లేదా? ఉన్నది. జడ్-రూపం అనే దానిని 1979లో కనుగొన్నారు. అయితే దాని వెన్నెముక వంకరటింకరగా నడుస్తుంది, కొలతలు కూడా వేరు. మామూలు డి.ఎన్.ఏ.ను అద్దంలో చూచినంతమాత్రాన జడ్-రూపం కాదు. మామూలు రూపంలో వెడల్పు సుమారు 2 నానోమీటర్లు, ఒక చుట్టు పొడవు సుమారు 3.4 నానోమీటర్లు, ఒక్కొక్క చుట్టుకు సుమారు పది మెట్లు. మెలికల నడుమ గాళ్ళు రెండు. ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. ఈ నాలుగు గుర్తులతో ఏ డి.ఎన్.ఏ. బొమ్మనైనా పదవ తరగతి విద్యార్థి పరీక్షించవచ్చు. యంత్రం గీచిన బొమ్మలేగాక మనుష్యులు గీచినవి కూడా చాలా ఈ పరీక్షలో ఓడిపోతవి.

బొమ్మ కదిలినప్పుడు

నిశ్చలచిత్రంలో ఒక తప్పు ఉంటే, చలనచిత్రంలో అది పెరుగుతుంది. సెకండుకు 24 ఫ్రేముల చొప్పున ఒక నిమిషం చిత్రానికి 1,440 బొమ్మలు కావాలి. చిత్రోత్పాదకం ప్రతి బొమ్మనూ కొత్త నలుసుల నుండి మొదలుపెడితే, ఒక ఫ్రేములో మూడు మడతలున్న ప్రోటీను తరువాతి ఫ్రేములో నాలుగు మడతలతో కనిపించవచ్చు. తెరమీద అదంతా మిణుకుమిణుకుమంటుంది.

2024 నుండి ప్రచారంలోకి వచ్చిన వీడియో ఉత్పాదకాలు ఈ లోపాన్ని చాలావరకు తగ్గించినవి. అవి ఫ్రేములనన్నిటిని కలిపి ఒక్కటిగా చూచి, ముందువెనుకలకు పొంతన ఉండేటట్లు గీస్తవి. చలనం నునుపుగా సాగుతుంది. అయితే పొంతన వేరు, సత్యం వేరు. హీమోగ్లోబిన్ జంట 15 డిగ్రీలకు బదులు 60 డిగ్రీలు తిరిగినా, తిరగడం నునుపుగా ఉంటే చూపరికి లోపం కనిపించదు. మిణుకుమన్న బొమ్మ తన తప్పును తానే చాటుకొనేది. నునుపైన బొమ్మ దానిని దాచుకొంటుంది.

చేతితో గీసేవారి బొమ్మలో ఒక మేలున్నది. విషయం సరిగా తెలియనప్పుడు గీత తడబడుతుంది, ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. చూచేవారికి అనుమానం కలుగుతుంది. యంత్రం గీచిన బొమ్మలో తెలిసినదానికీ తెలియనిదానికీ ఒకే నిగారింపు ఉంటుంది. నిగారింపును బట్టి నమ్మకాన్ని కొలిచే అలవాటు మనకున్నది కనుక ఇది ప్రమాదకరం.

పరిశోధన పత్రికలోనే జరిగిన పొరపాటు

ఇట్టి ప్రమాదం విద్యార్థులకే పరిమితం కాదు. 2024 ఫిబ్రవరి 13న ఫ్రాంటియర్స్ ఇన్ సెల్ అండ్ డెవలప్‌మెంటల్ బయాలజీ అనే పరిశోధన పత్రికలో శుక్రకణాలను పుట్టించే మూలకణాలను గురించి ఒక వ్యాసం వెలువడింది. అందులోని బొమ్మలను మిడ్‌జర్నీ అనే చిత్రోత్పాదకంతో తయారుచేసినట్లు రచయితలే వ్రాశారు. ఒక బొమ్మలో ఎలుక జననేంద్రియాలు దాని శరీరాన్ని మించిన పరిమాణంలో ఉన్నవి. పక్కన వ్రాసిన పేర్లలో చాలావరకు ఏ భాషలోనూ లేని మాటలు. అక్షరాలను కూడా యంత్రం బొమ్మలుగానే గీచింది. అక్షరం వంటి ఆకారం వచ్చింది, మాట రాలేదు. వ్యాసాన్ని పరిశీలించినవారిలో ఒకరు బొమ్మలపై అభ్యంతరం చెప్పినా దానికి తగిన సవరణ జరగలేదని పత్రికవారు తరువాత తెలిపారు. పాఠకులు గగ్గోలు పెట్టగా ఫిబ్రవరి 16న వ్యాసాన్ని ఉపసంహరించారు.

ఆ బొమ్మ ఘోరంగా ఉన్నందువల్ల మూడు రోజులలో దొరికిపోయింది. చిన్న తప్పున్న చక్కని బొమ్మ అంత తొందరగా దొరకదు. అంతకు ముందే, 2023 జూన్‌లో, నేచర్ పత్రిక తన పుటలలో ఇట్టి యంత్రాలు తయారుచేసిన బొమ్మలను, వీడియోలను అనుమతించబోనని ప్రకటించింది. కృత్రిమ మేధను గురించిన వ్యాసాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. బొమ్మ ఎక్కడినుండి వచ్చిందో సరిచూచుకొనే వీలులేకపోవడం దానికి ఒక ముఖ్యకారణం.

పేరు ఒకటే, పని వేరు

ఇంత చెప్పినందువల్ల కృత్రిమ మేధకు అణువులను గురించి ఏమీ తెలియదని అనుకోరాదు. ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాం కూడా కృత్రిమ మేధయే. అమినో ఆమ్లాల వరుసను ఇస్తే అది ప్రోటీను మడతపడిన రూపాన్ని ఊహించి చెబుతుంది. 2020లో జరిగిన పోటీపరీక్షలో, అప్పటికి బయటపెట్టని ప్రయోగ ఫలితాలతో దాని ఊహలను పోల్చిచూచి దాని శక్తిని నిర్ధారించారు. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీనులకు అది ఊహించిన రూపాలు అందరికీ అందుబాటులోకి వచ్చినవి. దానిని నిర్మించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లు, కొత్త ప్రోటీనులను రూపొందించిన డేవిడ్ బేకర్ 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ఆల్ఫాఫోల్డ్‌కూ చిత్రోత్పాదకానికీ ఉన్న భేదం ఒక్క మాటలో చెప్పవచ్చు. ఆల్ఫాఫోల్డ్ తన సందేహాన్ని కూడా చెబుతుంది. గొలుసులోని ప్రతి అమినో ఆమ్లానికీ సున్న నుండి నూరువరకు ఒక నమ్మకపు అంకెను ఇస్తుంది. 90 దాటితే ముదురు నీలం. 50కి తక్కువైతే నారింజ. నారింజరంగు భాగాన్ని చూచిన చలనచిత్రకారుడు అక్కడ స్థిరమైన ఆకారం చూపరాదని గ్రహిస్తాడు. చిత్రోత్పాదకం బొమ్మలో అట్టి అంకె ఏ మూలనూ లేదు.

ఎక్కడ వాడవచ్చు?

ఏ చోట బొమ్మ శాస్త్రపరంగా ఏమీ చెప్పడంలేదో, ఆ చోట చిత్రోత్పాదకాన్ని నిశ్చింతగా వాడుకొనవచ్చు. చలనచిత్రం తీయడానికి ముందు దృశ్యాల క్రమాన్ని చిత్తుబొమ్మలుగా వేసికొంటారు. కెమెరా ఎటునుండి చూడాలి, వెలుగు ఎట్లుండాలి, ఏ రంగులు పొసగుతవి అని నిర్ణయించుకొనడానికి ఇవి పనికివస్తవి. ఒక మధ్యాహ్నం పట్టే ఈ పనిని యంత్రం కొద్ది నిమిషాలలో చేయగలదు. ఆ చిత్తుబొమ్మలు చివరి చిత్రంలో కనిపించవు గనుక హానిలేదు. ఆస్పత్రి గది, పంటచేను, సముద్రపు నీలిమ వంటి వెనుకతెరలకు కూడా ఇది చాలు.

మధ్యేమార్గం మరొకటున్నది. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ వంటి పద్ధతులలో మాటలతోపాటు ఒక హద్దుగీతల పటాన్నో, లోతు తెలిపే పటాన్నో యంత్రానికి ఇవ్వవచ్చు. ప్రోటీన్ డేటా బ్యాంక్ కొలతలతో అణువును నిర్మించి, దాని లోతుపటాన్ని ఇచ్చి, పైమెరుగు మాత్రం యంత్రాన్ని దిద్దమనవచ్చు. అప్పుడు ఎముక కొలతది, చర్మం యంత్రానిది అవుతుంది. అయితే చివరి బొమ్మను మూల నిర్మాణంతో పక్కపక్కన పెట్టి సరిచూడక తప్పదు. ఎందుకంటే హద్దులు కొంచెం జరిగినా యంత్రం హెచ్చరించదు.

అణువు ఆకారం, భాగాల సంఖ్య, మెలిక దిశ, పరిమాణాల నిష్పత్తి, జరిగే పనుల వరుస, భాగాల పేర్లు యంత్రానికి వదలరానివి. బొమ్మ మన తరపున శాస్త్రం చెప్పేది వీటిలోనే. ఎక్కడ యంత్రాన్ని వాడినా ఆ సంగతి బొమ్మ క్రిందనే వ్రాయడం మర్యాద.

తరగతి గదిలో

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి ఈ సాధనాలపై మక్కువ కలగడం సహజం. చిత్రకారునికి ఇవ్వడానికి పాఠశాలలో డబ్బు ఉండదు. తెలుగులో పేర్లు వ్రాసిన మంచి పటాలు దొరకడం కష్టం. పాఠం రేపు చెప్పాలి. ఇట్టి స్థితిలో నిమిషంలో వచ్చే బొమ్మ వరమే అనిపిస్తుంది. కాని పాఠం మరచిన విద్యార్థికి కూడా బొమ్మ జ్ఞాపకం ఉంటుంది. పరీక్షలో అతడు గీసేది ఆ బొమ్మనే, తరువాత తాను ఉపాధ్యాయుడైతే నల్లబల్లమీద గీసేది కూడా దానినే. కనుక బొమ్మను తరగతికి తెచ్చే ముందు కొంత శ్రమపడవలసి ఉంటుంది.

మొదటిది, అసలు వస్తువు అందుబాటులో ఉన్నప్పుడు దానితో పోల్చడం. యంత్రం గీచిన మందారపువ్వును, పెరటిలోని ఒంటిరేక మందారాన్ని పక్కపక్కన పెట్టవచ్చు. ఆకర్షక పత్రాలు అయిదు ఉన్నవా? కేసరాలు కలిసి ఒక గొట్టంగా ఏర్పడి, దాని నడుమ నుండి కీలం పైకి వచ్చిందా? చివర కీలాగ్రాలు అయిదుగా చీలినవా? ఈ మూడు ప్రశ్నలు అడిగి, తప్పులు పట్టమని విద్యార్థులకు చెబితే అదే ఒక మంచి ప్రయోగ పాఠం అవుతుంది. తప్పుబొమ్మ కూడా అప్పుడు ఉపయోగపడుతుంది.

రెండవది, అసలు వస్తువు కంటికి అందనప్పుడు కొలతలవద్దకే వెళ్ళడం. ప్రోటీన్ డేటా బ్యాంక్ ఎవరికైనా ఉచితం. దాని వెతుకుడు పెట్టెలో 2 అంకె, తరువాత ఇంగ్లీషు అక్షరాలు హెచ్, హెచ్, బి టైపు చేస్తే ఆక్సిజన్ లేని మానవ హీమోగ్లోబిన్ తెరమీదకు వస్తుంది. 1 అంకె, తరువాత బి, ఎన్, ఏ అక్షరాలు ఇస్తే పన్నెండు మెట్ల డి.ఎన్.ఏ. తునక వస్తుంది. మౌస్‌తో పట్టుకొని అటూ ఇటూ తిప్పవచ్చు, దగ్గరకు లాగవచ్చు. ఎటు తిప్పినా దాని మెలిక కుడివైపే. దానినుండి చలనచిత్రం తీయదలచినవారికి బ్లెండర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉన్నది. పేర్లను, బాణపు గుర్తులను ఉపాధ్యాయుడే తెలుగులో టైపు చేసికొనవచ్చు. ఈ పనికి నిమిషం చాలదు. ఒక సాయంకాలం పడుతుంది. పెరుట్జ్‌కు 22 సంవత్సరాలు పట్టిన రూపాన్ని ఒక సాయంకాలంలో పిల్లల ముందు పెట్టగలగడం తక్కువ భాగ్యమేమీ కాదు.

మూడవది, ప్రశ్నించే అలవాటు. ఏ బొమ్మనైనా చూపినప్పుడు, "ఇందులో కొలిచినది ఏది? సంప్రదాయం ఏది? ఊహ ఏది?" అని విద్యార్థులను అడగాలి, విద్యార్థులు అడిగినప్పుడు చెప్పగలగాలి. పాఠ్యపుస్తకంలోని బొమ్మకూ, చలనచిత్రానికీ, యంత్రం గీచిన చిత్రానికీ ఈ ప్రశ్న ఒకటే. సమాధానం దొరికిన బొమ్మ ఎవరు గీచినా పాఠానికి పనికివస్తుంది. సమాధానం దొరకని బొమ్మను, అది ఎంత అందంగా ఉన్నా, శాస్త్రపాఠంలో చూపరాదు.